తగ్గి నిలబడే ప్యానెల్

ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఊకతో మండుతుంది. ఆ మంట సరిగ్గా మండాలంటే పొగను చిమ్నీ వైపు లాగే ఐడీ ఫ్యాన్ ఆగకుండా తిరగాలి. అది ఆగిందంటే పొయ్యి తలుపు సందుల్లోంచి పొగా నిప్పురవ్వలూ వెనక్కి తన్నుకొస్తాయి. ఆవిరి పడిపోతుంది, నానిన వడ్లు ట్యాంకుల్లో నిలిచిపోతాయి, డ్రయ్యర్ చల్లబడుతుంది. మిర్యాలగూడ నుంచి మండపేట దాకా ఏ మిల్లు యజమానిని అడిగినా ఈ ఫ్యాన్ విలువ చెబుతారు. ఇప్పుడు చాలాచోట్ల దీన్ని వీఎఫ్‌డీతో, అంటే మోటారుకు అందే ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని అదుపుచేసే డ్రైవ్‌తో నడుపుతున్నారు. డ్యాంపర్ మూసి గాలిని అణిచే బదులు ఫ్యాన్ వేగాన్నే తగ్గిస్తే కరెంటు బిల్లు బాగా తగ్గుతుంది.

డ్రైవ్‌తోపాటు ఒక కొత్త బాధ కూడా వస్తుంది. కరెంటు రెప్పపాటు డిమ్ అయి మళ్లీ వస్తే నేరుగా నడిచే మోటారు పెద్దగా పట్టించుకోదు. డ్రైవ్ మాత్రం ట్రిప్ అవుతుంది. పిడుగు ఎక్కడో పడితే ఇక్కడ డయోడ్ పేలుతుంది. కాబట్టి ఏ కంపెనీ డ్రైవ్ కొన్నారన్న దానికన్నా, వచ్చే కరెంటుకూ ఆ డ్రైవ్‌కూ మధ్య ఏం అమర్చారన్నదే పనితనానికి పరీక్ష. అలాంటి ప్యానెల్ ఒకదాన్ని ఈమధ్య తలుపు తీసి తీరిగ్గా చూశాను. 50 హెచ్‌పీ ఐడీ ఫ్యాన్ కోసం కట్టిన ప్యానెల్ అది. పైకి బూడిదరంగు ఇనప పెట్టె. లోపల కారణం లేకుండా పెట్టిన వస్తువు ఒక్కటీ లేదు. దేన్ని అడ్డుకోవాలో, దేన్ని భరించాలో, దేనికి కాస్త తగ్గి నిలబడాలో తెలిసినవాళ్ల చేతిపని అది. ఆ పనిని భాగం తర్వాత భాగంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వచ్చే కరెంటు ఎలా ఉంటుంది

పాఠ్యపుస్తకంలో మూడు ఫేజులూ సమానంగా ఉంటాయి. 415 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 120 డిగ్రీల ఎడం. ఊరి చివరి ఫీడర్ మీద ఆ సమానత్వం అరుదు. ఒక ఫేజు మీద ఇళ్లు ఎక్కువ, మరో ఫేజు మీద తక్కువ. పొలాల మోటార్లన్నీ ఒక్కసారి ఎక్కితే వోల్టేజి కిందికి జారుతుంది. సబ్‌స్టేషన్‌లో కెపాసిటర్ బ్యాంకు ఆన్ చేసిన క్షణంలో లైన్ మీదికి ఒక చిన్న అల వచ్చిపడుతుంది. గాలివానకు కొమ్మ తగిలి లైన్ ట్రిప్ అయి మళ్లీ ఎక్కుతుంది.

వీటన్నిటిలో మన రైతుకూ మిల్లు యజమానికీ బాగా తెలిసిన పేరు సింగిల్ ఫేజింగ్. 11 కేవీ వైపు ఒక ఫ్యూజు ఎగిరిపోయిందనుకుందాం. మన పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు పైవైపు డెల్టా, కిందివైపు స్టార్ కనెక్షన్ ఉంటుంది. అందువల్ల కింది మూడు ఫేజుల్లో ఏదీ పూర్తిగా పోదు. ఒకటి నిండుగా ఉంటుంది, మిగతా రెండూ సగానికి పడతాయి. ప్యానెల్ తలుపు మీది ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలుగుతూనే ఉండొచ్చు. దీపాలు చూసి అంతా బాగానే ఉందనుకుంటే మోటారు రివైండింగ్ షాపుకు చేరుతుంది. ఈ ప్యానెల్‌లో పెట్టిన ఫేజ్ రిలే ఫేజు ఉందా లేదా అని మాత్రమే చూసే రకం కాదు. మూడు వోల్టేజిల మధ్య తేడాను కొలుస్తుంది, వాటి వరుసనూ చూస్తుంది. చిన్న వస్తువే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్ తెలిసినవాళ్లు ఎంచుకున్న వస్తువు.

మూడు ఫేజుల అసమానత మోటారుకు ఎందుకంత చేటో 1918లో చార్లెస్ ఫోర్టెస్క్యూ గణితంతో చూపించాడు. అసమానమైన మూడు ఫేజులను ముందుకు తిరిగే ఒక సమాన జట్టుగా, వెనక్కి తిరిగే మరో సమాన జట్టుగా, మూడింటికీ ఉమ్మడిగా ఉండే ఒక భాగంగా విడదీయవచ్చని ఆయన ప్రతిపాదన. ఆ వెనక్కి తిరిగే జట్టు మోటారులోకి చొరబడితే దానికి అడ్డు చాలా తక్కువ. అందుకే వోల్టేజిలో 1 శాతం తేడా ఉంటే కరెంటులో తేడా 6 నుంచి 10 శాతం దాకా పెరుగుతుంది. ఆ అదనంలో ఎక్కువ భాగం రోటర్‌లో వేడిగా మారుతుంది.

డ్రైవ్ పెట్టినప్పుడు మోటారు ఈ బాధ నుంచి బయటపడుతుంది. డ్రైవ్ వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చి, ఆ డీసీ నుంచి తానే కొత్తగా మూడు సమానమైన ఫేజులు తయారుచేసి మోటారుకు ఇస్తుంది. మోటారు పడాల్సిన కష్టం ఇప్పుడు డ్రైవ్ ముందుభాగంలోని ఆరు డయోడ్ల మీదికీ, వాటి వెనక ఉన్న కెపాసిటర్ల మీదికీ మారింది. ప్యానెల్‌లో అమర్చిన ప్రతి భాగమూ ఈ ఆరు డయోడ్లనూ ఆ కెపాసిటర్లనూ కాపాడటానికే.

మెరుపును పట్టే మట్టి బిళ్ల

ఇన్‌కమింగ్ స్విచ్ పక్కనే సర్జ్ అరెస్టర్ కనిపిస్తుంది. దాని గుండె జింక్ ఆక్సైడ్ బిళ్ల, అంటే వారిస్టర్. 1960ల చివర్లో జపాన్‌లోని మత్సుషితా కంపెనీలో మిచియో మత్సుఓకా ఈ పదార్థం గుణాన్ని కనుక్కున్నాడు. జింక్ ఆక్సైడ్ పొడిలో బిస్మత్ వంటి కొన్ని ఆక్సైడ్లు కలిపి కాలిస్తే అది పింగాణీలా గట్టిపడుతుంది. లోపల కంటికి కనిపించనంత చిన్న రేణువులు, రేణువుకూ రేణువుకూ మధ్య పలచని అంచు. ఒక్కో అంచు సుమారు 3 వోల్టుల దాకా కరెంటును ఆపుతుంది, అంతకు మించితే దారి వదులుతుంది. 800 వోల్టుల దగ్గర పట్టుకోవాలంటే బిళ్ల మందంలో అలాంటి అంచులు 270 దాకా వరసగా ఉండాలి. బిళ్ల మందం వోల్టేజిని నిర్ణయిస్తుంది, వైశాల్యం అది మోయగల కరెంటును నిర్ణయిస్తుంది. కొలిమిలో కాల్చిన మట్టి బిళ్లలో ఇంత కచ్చితమైన లెక్క దాగి ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

బిళ్ల ఎంత మంచిదైనా దానికి వేసే తీగ పొడుగైతే లాభం లేదు. పిడుగు తెచ్చే కరెంటు మైక్రోసెకన్లలో పెరుగుతుంది. అంత వేగంలో తిన్నటి రాగి తీగ కూడా అడ్డు చెబుతుంది. మీటరు తీగకు సుమారు ఒక కిలోవోల్టు అదనంగా పడుతుందని ఈ పనివాళ్లు లెక్కవేసుకుంటారు. ఆ కిలోవోల్టు అరెస్టర్ పట్టిన వోల్టేజికి జతై డ్రైవ్ మీద పడుతుంది. అందుకే రాకపోక తీగలు రెండూ కలిపి అర మీటరు దాటకూడదన్నది నియమం. నేను చూసిన ప్యానెల్‌లో అరెస్టర్‌ను ఎర్త్ బార్‌కు ఆనించినట్టే బిగించారు, తీగ జానెడు కూడా లేదు. చూడటానికి అందంగా ఉండాలని తీగలను డక్ట్‌లో దూరం తిప్పి తెచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇక్కడ అందాన్ని పక్కనపెట్టి తీగను అడ్డంగా, సూటిగా లాగారు. ఆ ఒక్క తీగ చూస్తే చాలు, కట్టినవాళ్ల చదువు తెలుస్తుంది.

రియాక్టర్, లేదా పాళ్లు తెలిసిన ఇనుము

ప్యానెల్ అడుగున అన్నిటికన్నా బరువుగా కూర్చున్నది రియాక్టర్. పనివాళ్లు చోక్ అంటారు. మూడు కాళ్ల ఇనప కోరు, కాలికొక రాగి చుట్ట. కదిలే భాగం లేదు, ఎలక్ట్రానిక్స్ లేదు. అయినా ఈ ప్యానెల్‌లో నా చూపు ఎక్కువసేపు నిలిచింది దీని మీదే.

డయోడ్లు కరెంటును ఎప్పుడూ ఒకే ధారగా తీసుకోవు. లైన్ వోల్టేజి లోపలి కెపాసిటర్ వోల్టేజిని దాటిన ఆ కొద్ది క్షణాల్లోనే గుటకలుగా లాగుతాయి. 415 వోల్టుల లైన్ శిఖరం 587 వోల్టులు. కెపాసిటర్లు ఆ శిఖరం దగ్గరే నిండి ఉంటాయి కాబట్టి గుటక పొట్టిగా, పదునుగా ఉంటుంది. చెరువు తూము నీటిని ఒక్కసారిగా వదలకుండా కాలువ భరించగలిగే ధారగా మార్చినట్టు, రియాక్టర్ ఆ గుటకను సాగదీసి మెత్తబరుస్తుంది. కెపాసిటర్ బ్యాంకు ఆన్ చేసినప్పుడు వచ్చే అల కూడా ఇక్కడే చాలావరకు అరుగుతుంది. రియాక్టర్ లేకపోతే డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజి 800 దాటి ఓవర్ వోల్టేజి ట్రిప్ వస్తుంది. రోజూ ఒకే వేళకు ట్రిప్ అయ్యే డ్రైవ్ ఉందంటే సబ్‌స్టేషన్‌లో కెపాసిటర్ వేసే వేళ కనుక్కోమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఎంత రియాక్టర్ పెట్టాలన్న దగ్గర అసలు విజ్ఞత ఉంది. దీన్ని శాతంలో చెబుతారు. 50 హెచ్‌పీ డ్రైవ్ సుమారు 70 ఆంపియర్లు లాగుతుంది. 3 శాతం రియాక్టర్ కావాలంటే ఫేజుకు మూడో వంతు మిల్లీహెన్రీ చాలు. 5 శాతం పెడితే ఆ గుటకలు లైన్‌లో పుట్టించే హార్మోనిక్స్ ఇంకా తగ్గుతాయి, కానీ డ్రైవ్‌కు అందే వోల్టేజి కూడా ఇంకాస్త తగ్గుతుంది. అసలే లో వోల్టేజి ఉన్న ఫీడర్ చివర 5 శాతం పెడితే, రక్షణ పేరుతో మనమే వోల్టేజిని తగ్గించినవాళ్లమవుతాం. ఈ ప్యానెల్ కట్టినవాళ్లు 3 దగ్గర ఆగారు. ఎక్కువ పెట్టడం ఎప్పుడూ ఎక్కువ రక్షణ కాదని తెలిసిన చెయ్యి అది.

చాలామంది ఊహకు తలకిందులుగా ఉండే సంగతి మరొకటి ఉంది. రియాక్టర్ అవసరం బలహీనమైన లైన్ మీదికన్నా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న చిన్న డ్రైవ్‌కు ఎక్కువ. పొడవైన లైన్ తానే కొంత రియాక్టర్‌గా పనిచేస్తుంది. మిల్లు ఆవరణలోని 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ డ్రైవ్ పెడితే దాని డయోడ్లకు మధ్యలో అడ్డేమీ ఉండదు. సరఫరా ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం డ్రైవ్ కన్నా 10 రెట్లు దాటితే రియాక్టర్ తప్పదని చాలామంది తయారీదారులు చెబుతారు. అందుకే ఈ మిల్లులో ఐడీ ఫ్యాన్‌కే కాదు, పొయ్యికి ఊక అందించే చిన్న ఫీడర్ డ్రైవ్‌కు కూడా చిన్న రియాక్టర్ ఉంది.

కోరును దగ్గరగా చూస్తే కాలులో అక్కడక్కడా పలచని ఖాళీలు, వాటిలో గట్టి ఇన్సులేషన్ పలకలు కనిపిస్తాయి. ఆ ఖాళీలు తప్పనిసరి. గాలి ఖాళీ లేని ఇనుము కరెంటు పెరిగినప్పుడు అయస్కాంతంతో నిండిపోయి, సరిగ్గా అవసరమైన క్షణంలోనే పని మానేస్తుంది. రియాక్టర్ దాచుకునే శక్తిలో ఎక్కువ భాగం ఆ ఖాళీలోనే ఉంటుంది. ఒకే పెద్ద ఖాళీ వదిలితే అక్కడ పొంగే అయస్కాంత క్షేత్రం పక్కనున్న రాగిని వేడెక్కిస్తుంది. చిన్న చిన్న ఖాళీలుగా పంచితే ఆ వేడి తగ్గుతుంది, కోయడమూ పేర్చడమూ మాత్రం కష్టం. ఇక్కడ ఆ కష్టమే పడ్డారు. చుట్టల్ని వాక్యూమ్‌లో పెట్టి వార్నిష్ పీల్పించారు. అందుకే ఫ్యాన్ నిండు వేగంలో ఉన్నా రియాక్టర్ నుంచి సన్నని ఝుంకారం తప్ప కీచు వినిపించలేదు.

మొదటి క్షణం, మధ్య క్షణం

డ్రైవ్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు లైన్‌కు నేరుగా కలిపితే షార్ట్ సర్క్యూట్‌లా ఉంటుంది. అందుకే ముందు ఒక రెసిస్టర్ గుండా నెమ్మదిగా నింపి, నిండాక ఒక రిలేతో ఆ రెసిస్టర్‌ను దాటవేస్తారు. పెద్ద డ్రైవ్‌లలో ఆ పనిని థైరిస్టర్లు చేస్తాయి. అసలు ప్రమాదం మొదటి స్టార్ట్‌లో కాదు, మధ్యలో వోల్టేజి రెప్పపాటు పడిపోయే డిప్‌లో. కరెంటు పావు సెకను పోయిందనుకోండి. కెపాసిటర్లు సగం ఖాళీ అవుతాయి. రిలే ఇంకా మూసే ఉంటే, కరెంటు తిరిగి వచ్చిన క్షణాన డయోడ్ల గుండా పెద్ద కెరటం దూసుకుపోతుంది. మంచి డ్రైవ్ డీసీ వోల్టేజి ఒక హద్దు కిందికి జారగానే ఆ రిలేను తెరిచి, తిరిగి నెమ్మదిగా నింపుతుంది. ఆ సెట్టింగ్‌ను పట్టించుకోవడం, లైన్ ఎక్కుతూ దిగుతూ ఉండే చోట డయోడ్ల ఆయుష్షును పెంచుతుంది.

ఫేజు పోయిందని డ్రైవ్ గుర్తుపట్టే తీరు కూడా ముచ్చటైనదే. మూడు ఫేజులూ ఉన్నప్పుడు డీసీలో సన్నని అలలు సెకనుకు 300 వస్తాయి. ఒక ఫేజు పోతే అవి 100కు పడి పెద్దవవుతాయి. మిగిలిన రెండు ఫేజుల మీద కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది, కెపాసిటర్లు వేడెక్కుతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన లెక్క. డ్రైవ్ ఆ అలల తీరు చూసే ఫేజు సంగతి పసిగడుతుంది. బయట ఫేజ్ రిలే, లోపల ఈ కొలత, రెండు దారుల్లో ఒకే ప్రమాదానికి కాపలా.

తగ్గడం తెలిసిన ఫ్యాన్

ఈ ప్యానెల్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది డిప్‌ను ఎదుర్కొనే పద్ధతి. డీసీ కెపాసిటర్లలో నిల్వ శక్తి ఎంతో లెక్క వేద్దాం. 2000 మైక్రోఫారడ్లు ఉన్నాయనుకుంటే, 560 వోల్టుల నుంచి 400కు దిగేలోపు సుమారు 150 జౌళ్లు దొరుకుతాయి. 37 కిలోవాట్ల లోడుకు అది 4 మిల్లీసెకన్లు. ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. కాబట్టి కెపాసిటర్ల మీదే ఆధారపడితే డ్రైవ్ ఒక సైకిల్ కూడా నిలవదు.

తిరుగుతున్న ఫ్యాన్ చక్రంలో శక్తి లెక్క వేరు. 20 కిలోగ్రామ్ చదరపు మీటర్ల జడత్వం ఉన్న చక్రం నిమిషానికి 1450 చుట్లు తిరుగుతుంటే దానిలో 2 లక్షల జౌళ్లకు పైగా ఉంటుంది. వోల్టేజి పడగానే డ్రైవ్ ఫ్రీక్వెన్సీని కాస్త తగ్గిస్తుంది. దాంతో మోటారు జనరేటర్‌గా మారి చక్రంలోని శక్తిని వెనక్కి డీసీకి పంపుతుంది. డ్రైవ్ మెదడు బతికి ఉంటుంది, ఫ్యాన్ వేగం కొంచెం తగ్గుతుంది, కరెంటు రాగానే మళ్లీ ఎక్కుతుంది. దీన్నే కైనెటిక్ బఫరింగ్ అంటారు. జడత్వం తక్కువున్న పంపుకు ఈ కిటుకు పనికిరాదు. లోడు ఫ్యాన్ కాబట్టే ఇక్కడ దీన్ని ఆన్ చేశారు. డిప్ మరీ పొడవై డ్రైవ్ ఆగినా, తిరుగుతున్న ఫ్యాన్ వేగాన్ని వెతికి పట్టుకుని అక్కణ్ణుంచే అందుకునే ఫ్లయింగ్ స్టార్ట్ కూడా ఉంది. దానంతట అదే మళ్లీ మొదలయ్యే సౌకర్యానికి మాత్రం సమయ హద్దు, సైరన్ రెండూ పెట్టారు, పక్కన మనిషి ఉండొచ్చు కాబట్టి.

ఎక్కువసేపు ఉండే లో వోల్టేజికి ఇంకో జవాబు ఉంది. వోల్టేజి 415 నుంచి 350కి పడితే అదే శక్తి కోసం డ్రైవ్ సుమారు 19 శాతం ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే ఒక హద్దు కిందికి వెళ్తే వేగాన్ని 5 శాతం తగ్గించేలా సెట్ చేశారు. ఫ్యాన్‌కు కావలసిన శక్తి వేగపు ఘనంతో మారుతుంది కనుక ఆ 5 శాతానికే లోడు సుమారు 14 శాతం తగ్గుతుంది. పొయ్యి మండుతూనే ఉంటుంది. ట్రిప్ కాకుండా తగ్గి నడవడం ఇదే.

డిప్‌కు డ్రైవ్ కన్నా ముందు పడిపోయేవి ఏసీ కాయిల్ ఉన్న కాంటాక్టర్లూ రిలేలూ. వోల్టేజి సగానికి అటూ ఇటూ పడగానే ఒక సైకిల్‌లోనే వదిలేస్తాయి. సెమీకండక్టర్ పరిశ్రమ పాటించే సెమీ ఎఫ్‌47 ప్రమాణం, వోల్టేజి సగానికి పడినా యంత్రం 200 మిల్లీసెకన్లు నిలవాలంటుంది. మన మిల్లుకు ఆ ప్రమాణం వర్తించకపోయినా దాని స్ఫూర్తి ఇక్కడ ఉంది. కంట్రోల్ మొత్తం 24 వోల్టుల డీసీ పవర్ సప్లయి మీద నడుస్తుంది. ఆ సప్లయికి కరెంటు కూడా న్యూట్రల్ నుంచి కాక, రెండు ఫేజుల మధ్య పెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకున్నారు. ఊళ్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టుల వస్తువులు కాలిపోవడం ఎందరో చూశారు. ఆ దారినే ఇక్కడ మూసేశారు.

ఇరుగుపొరుగు మర్యాద

డ్రైవ్ లైన్ నుంచి తనను కాపాడుకోవడమే కాదు, లైన్‌ను తన నుంచి కాపాడాలి. ఆరు డయోడ్లు లాగే గుటకల్లో 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్ ప్రధానం. మిల్లులో పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే ఊగిసలాడితే కెపాసిటర్లు ఉబ్బి పేలతాయి. అందుకే కెపాసిటర్ ప్యానెల్‌లో 7 శాతం రియాక్టర్లు వేశారు. వాటితో ఊగిసలాట 189 హెర్ట్జ్‌కు దిగిపోతుంది, 250కి దూరంగా. పక్క మిల్లు కూడా అదే ఫీడర్ మీద ఉందన్న సంగతి మరచిపోని మర్యాద ఇది.

చేతిపని

చివరికి ఇదంతా బిగింపు మీదే నిలుస్తుంది. లగ్గులు సరైన డైతో క్రింప్ చేశారు. ప్రతి బోల్టూ టార్క్ రెంచ్‌తో బిగించి రంగు గీత గీశారు, ఎప్పుడైనా వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. వదులైన ఒక్క ఫేజు చివర తానే అసమానతను పుట్టిస్తుంది. డీజిల్ జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్ చేశారో లేదో చూశాకే, డ్రైవ్ లోపలి ఫిల్టర్‌నూ వారిస్టర్‌నూ ఎర్త్‌కు కలిపే స్క్రూలను ఉంచాలా తీయాలా నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని తలుపు లోపల కాగితం మీద రాసి అతికించారు. ఎర్త్ చేయని సరఫరా మీద ఆ స్క్రూలు అలాగే ఉంటే, ఒక ఫేజు ఎర్త్ తాకిన రోజు వారిస్టర్ కాలిపోతుంది. ఊక దుమ్ము లోపలికి రాకుండా తలుపు రబ్బరు, గాలి ఫిల్టర్ రెండూ పదిలంగా ఉన్నాయి.

డ్రైవ్ కొనేటప్పుడు మనం హెచ్‌పీ చూస్తాం, ధర చూస్తాం. ప్యానెల్ కట్టేవాళ్లను ఇకమీద ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. నా ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దది, దానికి ఎంత శాతం రియాక్టర్ సరిపోతుంది? కంట్రోల్ కరెంటు ఎక్కణ్ణుంచి తీస్తున్నారు? అరెస్టర్ తీగ ఎంత పొడవు? వోల్టేజి పడితే నా ఫ్యాన్ ఆగుతుందా, తగ్గి నడుస్తుందా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబిచ్చేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఆ ఇనప పెట్టెలో వాళ్లు పెట్టింది రాగీ ఇనుమే కాదు, లైన్ ప్రవర్తనను ఏళ్ల తరబడి గమనించిన తెలివి. ఆ తెలివికి ఖరీదు కట్టి చెల్లించే అలవాటు మనకు రావాలి.